మందుల డబ్బాలో దొరికిన కమ్మలు

ప్రశ్న: మాది కర్నూలు, సి క్యాంపు దగ్గర పాతకాలపు సొంత ఇల్లు. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని, మా వారు బ్యాంకు ఉద్యోగి. పొద్దున ఎనిమిదిన్నరకు బయలుదేరితే సాయంత్రం ఐదున్నరకు గానీ ఇల్లు చేరం. ఇంట్లో 78 ఏళ్ల మా అత్తగారు ఒక్కరే ఉంటారు. మోకాళ్ల నొప్పులు, కాస్త మతిమరుపు. ఆరేళ్లు మా ఇంట్లో చేసిన పనామె రెండు నెలల కిందట, పదకొండో తేదీన మానేసింది. అత్తగారి కమ్మలు కనిపించకపోతే చూశావా అని అడిగాం, అంతే. మరునాటి నుంచి రాలేదు. తరువాత ఆ కమ్మలు అత్తగారి మందుల డబ్బాలో దొరికాయి. ఆ తరువాత ఇద్దరిని పెట్టుకున్నాం. ఒకామె పది రోజులకే నాగాలు మొదలుపెట్టింది. ఇంకొకామె వరండా బండల మీద యాసిడ్ పోసి మచ్చలు చేసింది. దిండు కింద ఐదువందల నోటు పెట్టి పరీక్షించమని మా చెల్లెలు అంటోంది. ఒక ఏజెన్సీ వాళ్లు ముందే రిజిస్ట్రేషన్ డబ్బు కట్టమంటున్నారు. ఆధార్ తీసుకోవాలా? పోలీసులకు చెప్పాలా? తాళం ఇవ్వవచ్చా? నమ్మకమైన మనిషిని ఎలా వెతుక్కోవాలి?
— ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కమ్మలు మందుల డబ్బాలో దొరికాయని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. దొరికాక ఏం చేశారో రాయలేదు. నాకు ఆ వాక్యం దగ్గరే కాలు ఆగింది. దాని సంగతి చివర్లో మాట్లాడతాను, ఎందుకంటే అది ముందు చెబితే మిగతాది మీరు చదవరేమోనని భయం. మీరు అడిగినవాటితో మొదలుపెడతాను.

మనిషి కోసం ఎక్కడ అడగాలి? ఏజెన్సీకి ఫోన్ చేసేముందు మీ వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి. ఏ ఇంట్లో ఎవరు చేస్తున్నారు, ఎవరికి ఇంకొక ఇల్లు చేసే తీరిక ఉంది, ఏ ఇంటివాళ్లు జీతానికి తిప్పుతారు, అన్నీ అతనికి తెలుసు. పాలు పోసే ఆయన, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య, కిరాణా కొట్టు ఆమె కూడా అంతే. అన్నిటికన్నా మంచి దారి, మీ పక్కింట్లో ఏళ్లతరబడి చేస్తున్న పనామెనే అడగడం. ఆమె తన ఆడపడుచునో, పక్కింటి మనిషినో తీసుకొస్తే, ఆ మనిషి తప్పు చేసిన రోజున తన మాట పోతుందని ఆమెకు తెలుసు. ఆ పూచీ ఏ కాగితంలోనూ ఉండదు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. మీరు ఆమెను గురించి వాకబు చేసినట్టే ఆమె కూడా మీ గురించి వాకబు చేస్తుంది. "ఆ టీచరమ్మ ఇంట్లోనా? కమ్మలు పోయాయని అన్నారే, ఆ ఇంట్లోనా?" అన్న మాట ఈపాటికి మీ వీధి దాటి ఉంటుంది. రెండు నెలలుగా మీకు నికరమైన మనిషి దొరకకపోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చునని నా అనుమానం.

అంతకుముందు చేసిన ఇల్లు ఏదో కనుక్కుని, వాళ్లతో ఒకసారి మాట్లాడండి. అప్పుడు "మంచిదేనా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ "మంచిదే" అంటారు, మొహమాటం. ఇలా అడగండి: రానప్పుడు ముందురోజు చెప్పేదా, చెప్పకుండా మానేసేదా? గాజు సామాను పగిలితే తనే వచ్చి చెప్పేదా, మీరే చూసుకునేవారా? అడ్వాన్సు తీసుకుంటే ఎలా తీర్చింది? ఎందుకు మానేసింది? ఈ నాలుగింటికి వచ్చే జవాబుల్లో ఆమె ఎంత తెలుస్తుందో, ఆ ఇంటివాళ్లు కూడా అంతే తెలుస్తారు. ఒకసారి ఒకావిడ నాతో "అన్నీ బాగానే చేసేదండీ, మరీ ఆదివారం కూడా సెలవు అడుగుతుంటే మాన్పించాం" అంది. నేను ఆ పనామెను ఆ సాయంత్రమే కుదుర్చుకున్నాను.

ఏజెన్సీ గురించి రెండు మాటలు. మనిషి మీ గడప తొక్కకముందే డబ్బు కట్టమనేవాళ్లకు కట్టకండి. మనిషిని చూసి, మాట్లాడి, నాలుగు రోజులు పని చూశాక ఇస్తామని చెప్పండి. వచ్చిన మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారో, మీరిచ్చే జీతంలో వాళ్లు ఎంత కోసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. రసీదు ఇవ్వని చోట ఒక్క రూపాయి వద్దు. మీ ఊళ్లో, మీ వీధిలో నలుగురు తెలిసినవాళ్లు ఉండగా నేనైతే ఆ దారికి పోను.

ఇక మీ చెల్లెలి నోటు పరీక్ష. ఈ సలహా ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇస్తారు. నా పెళ్లైన కొత్తలో మా పెద్దత్త కూడా ఇచ్చింది, నేను చేశాను కూడా. పరుపు కింద ఇరవై రూపాయల నోటు. ఆ రోజుల్లో ఇరవై పెద్ద మొత్తమే. పరుపు దులపడానికి ఎత్తిన ఆమె ఆ నోటు తీసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి నా చేతిలో పెట్టి, "పరీక్షకు పెట్టినారా అమ్మా?" అంది. నవ్వుతూనే అంది. ముప్పై ఏళ్లు దాటినా ఆ నవ్వు నాకు గుర్తుంది. పది ఇళ్లు చూసిన మనిషికి, మరిచిపోయిన నోటేదో, పెట్టిన నోటేదో తెలియదనుకోవడం మన అమాయకత్వం. అసలు దొంగ ఆ నోటు ముట్టుకోదు, నమ్మకం కుదిరేదాకా ఆగుతుంది. నిజాయితీ గల మనిషి మాత్రం నొచ్చుకుంటుంది. ఆ పరీక్ష వల్ల ఎవరికీ లాభం లేదు.

దానికి బదులు మీ ఇంటిని సర్దుకోండి. బీరువా తాళంచెవి ఫ్రిజ్ మీద, స్టీలు గ్లాసులో ఉంటుంది కదూ? మన ఇళ్లన్నిటిలో అక్కడే ఉంటుంది, దొంగలకు కూడా తెలుసు. దాన్ని మీ హ్యాండ్‌బ్యాగులోకి మార్చండి. అత్తగారు రోజూ పెట్టుకునే గాజులు, కమ్మలు, గొలుసు తప్ప మిగతా బంగారం బ్యాంకు లాకరులో పెట్టండి. మీ వారే బ్యాంకులో ఉన్నారు. ఇంట్లో ఉన్నవాటిని ఫోన్‌లో ఫొటో తీసి, నెలకొకసారి మీరే సరిచూసుకోండి. అత్తగారికి మతిమరుపు ఉందన్నారు కాబట్టి ఆమె తీసి పెట్టుకునే వస్తువులన్నిటికీ ఒకే ఒక చోటు ఏర్పాటు చేయండి. మంచం పక్కన మూత ఉన్న డబ్బా ఒకటి చాలు. కళ్లద్దాలు, పళ్లసెట్టు, కమ్మలు, అన్నీ అందులోనే. ఏదైనా కనిపించకపోతే ముందు ఆ డబ్బా, తరువాత దిండు గలీబు, చీర మడతలు, పూజ గూడు, మందుల డబ్బా. అవన్నీ చూశాక, రెండు రోజులు ఆగాక, అప్పుడు మాత్రమే ఇంకొకరిని అడగడం. ఆ అడగడం కూడా "అమ్మవి కమ్మలు ఎక్కడో పెట్టి మరిచిపోయింది, ఊడ్చేటప్పుడు కాస్త చూడు" అని. "చూశావా?" అని అడగడం వేరు, "చూడు" అనడం వేరు. ఒక్క మాట తేడాకు మీకు ఆరేళ్ల మనిషి పోయింది.

ఆధార్ తీసుకోవచ్చు. కానీ నకలు మాత్రమే. ఒరిజినల్ కార్డు మీ దగ్గర పెట్టుకోవడం తప్పు. రేషన్‌కు, ఆసుపత్రికి, బ్యాంకుకు ఆమెకు అది రోజూ కావాలి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ నకలు కూడా ఉంటుంది, అది చాలు. నకలు మీద "ఇంటిపని కోసం ఇచ్చినది" అని తేదీ వేసి రాయండి. ఆమె ఫోన్ నంబరుతో పాటు ఇంట్లో ఇంకొకరి నంబరు, ఉంటున్న చోటు రాసుకోండి. ఒకసారి ఆమె ఇంటికి వెళ్లి చూసి రండి, అరటిపళ్లో, బన్ రొట్టెలో తీసుకుని. తనిఖీకి వెళ్లినట్టు కాకుండా. పిల్లలు ఎంతమంది, ఏ బడి, ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారు, అన్నీ పది నిమిషాల్లో తెలుస్తాయి. ఆ తరువాత ఆమె నాగా పెట్టినప్పుడు మీకు కోపం రావడం తగ్గుతుంది. మీ ఫోన్ నంబరు, మీ వారి నంబరు కూడా ఆమెకు ఇవ్వండి. మీరు బడిలో ఉండగా అత్తగారు జారి పడితే మొదట ఫోన్ చేయాల్సింది ఆమే.

పోలీసుల విషయం. మీ పరిధిలోని స్టేషన్‌లో పనిమనిషి వివరాలు ఇచ్చి పరిశీలించమని అడగవచ్చు, తప్పేమీ లేదు. అయితే ఆమెకు చెప్పి చేయండి, చాటుగా వద్దు. "మా ఇంట్లో పెద్దామె ఒక్కతే ఉంటుంది, అందుకే అందరివీ ఇస్తున్నాం" అంటే అర్థం చేసుకుంటుంది. ఇంకొక మాట. "పోలీసులకు చెబుతాం" అన్న బెదిరింపు మన నోటికి తేలిగ్గా వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 306వ సెక్షన్ ఉంది. పనివాళ్లు యజమాని సొత్తు దొంగిలిస్తే ఏడేళ్ల దాకా శిక్ష. మామూలు దొంగతనానికి పడే దానికన్నా ఎక్కువ. ఇది పాత చట్టంలోనూ ఉన్నదే. మందుల డబ్బాలో ఉన్న కమ్మలకు అంత బరువైన మాట ఒకరి మీదికి విసరగలం మనం. సెక్షన్ నంబరు ఆమెకు తెలియకపోయినా, ఆ బరువు తెలుసు. అందుకే "చూశావా" అన్న ఒక్క మాటకు మరునాడు రాలేదు.

తాళం మొదటి మూడు నెలలు ఇవ్వకండి. మీకు ఆ అవసరమూ లేదు, అత్తగారు ఇంట్లోనే ఉన్నారు కదా. పని వేళను మాత్రం మీ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉన్నప్పటికి పెట్టండి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిలోపు అయితే అందరికీ మేలు. మీ వారు ఒక్కరే ఇంట్లో ఉండే వేళకు ఆమెను రమ్మనకండి, అది ఆమెకూ ఇబ్బంది, ఆయనకూ ఇబ్బంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ఇంటిపని చేసేవాళ్లకు కూడా వర్తిస్తుందని చాలామందికి తెలియదు. ఆ చట్టం లెక్కలో మీ ఇల్లు ఆమెకు ఆఫీసు. ఫిర్యాదు చేయడానికి జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది.

నేను తాళం ఎప్పుడిచ్చానో చెబుతాను. మా ఇంట్లో పద్దెనిమిదేళ్లు చేసినామెకు మొదటి మూడేళ్లు ఇవ్వలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరంతా నీళ్లైనప్పుడు ఆమె ఇల్లు హంద్రీ ఒడ్డున మునిగిపోయింది. మేమున్న వీధికి నీళ్లు రాలేదు. ఇద్దరు పిల్లలతో, ఒక బియ్యం డబ్బాతో, భర్త ఫొటోతో మా మిద్దె మీదికి వచ్చింది. తొమ్మిది రోజులు ఉంది. పదో రోజు తన ఇంట్లో బురద ఎత్తిపోసుకోవడానికి వెళుతూ పైగది తాళం నా చేతికిచ్చింది. నేను ఆ తాళంతో పాటు వీధి తలుపు తాళం కూడా కలిపి ఆమెకే తిరిగిచ్చాను. మళ్లీ ఎప్పుడూ అడిగి తీసుకోలేదు. మీరు వరద కోసం ఎదురుచూడాలని కాదు నా ఉద్దేశం! కానీ తాళం ఇచ్చే రోజు క్యాలెండరు చూసి నిర్ణయించేది కాదు, ఆ రోజు వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

ఇప్పుడు బండల సంగతి. యాసిడ్ పోసిన ఆమె మీద మీకు కోపంగా ఉంది, నాకు మీ మీద ఉంది. మీది పాతకాలపు ఇల్లు అన్నారు. వరండాలో బేతంచెర్ల బండలో, కడప బండలో పరిచి ఉంటారు. మన సీమ ఇళ్లలో బండలు తుడవడం అంటే ఈ రాళ్లను తుడవడమే. ఇవి సున్నపురాయి జాతి. యాసిడ్ పడగానే బుస్సున పొంగుతుందే, అది మురికి పోతున్న పొంగు కాదు, రాయి కరుగుతున్న పొంగు. నిమ్మరసం, వెనిగర్ పడినా మెల్లగా అదే జరుగుతుంది. ఒకసారి మెరుగు పోయి తెల్లమచ్చ పడితే సబ్బుతో రాదు, మిషన్ తెచ్చి మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. గ్రానైట్, టైల్స్ ఉన్న ఇళ్లలో పనిచేసి వచ్చిన మనిషికి ఈ తేడా ఎవరు చెబుతారు? మీరు యాసిడ్ సీసా చేతికిచ్చారు, ఆమె పోసింది. బండలకు మామూలు నీళ్లు, రెండు చుక్కల పలుచని సబ్బునీళ్లు చాలు. బోరు నీళ్ల వల్ల కుళాయిలకు పట్టే తెల్లటి పొరకు నిమ్మచెక్క రుద్దవచ్చు, కానీ ఆ రసం కింద బండ మీద కారకుండా గుడ్డ అడ్డం పెట్టాలి.

యాసిడ్‌తో ఇంకొక ప్రమాదం ఉంది, అది బండలకు కాదు, ప్రాణానికి. స్నానాల గదిలో యాసిడ్ పోసి, దాని మీదే బ్లీచింగ్ పౌడరు చల్లితే క్లోరిన్ గ్యాసు వస్తుంది. కిటికీ లేని చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. రెండూ ఎప్పుడూ కలపకూడదని కొత్తగా వచ్చిన మనిషికి మొదటి రోజే చెప్పండి. నన్నడిగితే యాసిడ్ సీసాను ఇంట్లోంచే తీసేయండి. రబ్బరు గ్లవ్స్ ఒక జత, పొడుగు కర్ర ఉన్న తుడుపు ఒకటి కొనండి. మోకాళ్ల మీద కూర్చుని మూడు గదులు తుడిస్తే పదేళ్లలో ఆమె మోకాళ్లు మీ అత్తగారి మోకాళ్లలా అవుతాయి. అత్తగారు మేలుకుని తిరిగే వేళకు బండలు ఆరిపోయి ఉండాలి. పాలిష్ బండ తడిగా ఉంటే కాలు నిలవదు, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు తెలుసు. తడి తుడిచాక పొడి గుడ్డతో మరొకసారి తుడవమని చెప్పండి, ఆ రెండో తుడుపుకు జీతంలో లెక్క కట్టండి.

జీతం దగ్గరికి వచ్చాం. మీ ఉత్తరంలో ఎంతిస్తారో రాయలేదు. రేటు ఎంత అని నన్ను అడగకండి, వీధివీధికి మారుతుంది. ఒక లెక్క మాత్రం చెబుతాను. రోజుకు గంటన్నర పని, నెలకు 26 రోజులు అనుకుంటే 39 గంటలు. నెలకు రెండు వేలు ఇస్తే గంటకు 51 రూపాయలు పడింది. ఇప్పుడు మీ వీధిలో ఇల్లు కడుతున్న చోట మేస్త్రీకి ఇటుకలు అందించే ఆడమనిషికి రోజుకూలి ఎంతో కనుక్కుని, ఎనిమిదితో భాగించండి. మీ అంకె దానికన్నా తక్కువైతే ఆమె మీ ఇంట్లో ఎంతకాలం ఉంటుందో మీరే ఊహించుకోండి. బోకులు తోమడం, కసువు ఊడ్చడం, బండలు తుడవడం అని మాట్లాడుకుని, తరువాత మెల్లగా బట్టలు, మిద్దె మెట్లు, బూజు, చుట్టాలు వచ్చినప్పుడు గిన్నెలు, అత్తగారి కాళ్లకు నూనె, ఇవన్నీ చేర్చుకుంటూ పోతాం మనం. పనామె నాగాలు చాలాసార్లు అక్కడ పుడతాయి. నోటితో వద్దని చెప్పలేని మనిషి కాళ్లతో చెబుతుంది, రాకుండా ఉండి. కాబట్టి ఏ పనులో ముందే మాట్లాడుకోండి. అదనపు పనికి అదనపు డబ్బు, ఆ రోజే ఇవ్వండి.

మొదటి వారం చూద్దామని చెప్పి, ఆ వారానికి రోజు లెక్కన డబ్బు ఇవ్వండి. "నచ్చితే నెలాఖరుకు ఇస్తాం" అనకండి, నచ్చకపోయినా ఆమె చేసింది పనే. వారానికి ఒక రోజు సెలవు. పండగలు వేరు. ఉగాది, దసరా, పీర్ల పండగ, ఆమె ఊరి జాతర. మన దగ్గర పనిచేసేవాళ్లలో ముస్లిం ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, రంజాన్ నెలలో సాయంత్రం పని పెట్టుకోకండి. ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చిన కుటుంబాలైతే మిరపకాయల కాలంలో చుట్టాలంతా గుంటూరు వైపు కూలికి పోతారు, ముసలివాళ్లను, పిల్లలను చూసుకోవడానికి ఈమెను ఊరికి పిలుస్తారు. అది ముందే అడిగి తెలుసుకుంటే, ఆ రోజులకు ఇంకొకరిని తనే పంపుతుంది. పండగకు చీర పెట్టడం మంచిదే, కానీ చీర పెట్టాం కదా అని జీతం పెంచడం మానేసే ఇళ్లు నాకు చాలా తెలుసు.

జీతం ఒకటో తేదీన. మీకు ఒకటో తేదీన రాకపోయినా సరే. వంటింటి క్యాలెండరు మీద ఇచ్చిన మొత్తం, అడ్వాన్సు, కోత రాసి, ఆమె చేత కూడా సంతకమో గుర్తో పెట్టించండి. అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తుంది, తప్పదు, పిల్లల ఫీజులకో, చీటీ పాటకో. నెలకు ఇంత అని ముందే మాట్లాడుకుని కోసుకోండి. గాజు పగిలితే మాత్రం కోయకండి. పగిలిన సంగతి దాచకుండా చెప్పే మనిషి కావాలో, ఆ గాజు గ్లాసు కావాలో తేల్చుకోండి.

ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చి, పన్నెండేళ్ల కూతుర్ని పంపుతుంది. చూడండి, ఇది తప్పకుండా జరుగుతుంది. ఆ పిల్ల గడపలో నిలబడి "అమ్మకు బాగాలేదు, నేను చేస్తా" అంటుంది. మీరు టీచరు కాబట్టి నేను వేరే చెప్పక్కరలేదు, అయినా చెబుతాను. ఇళ్లలో పిల్లల చేత పని చేయించడాన్ని 2006 అక్టోబరు 10 నుంచే నిషేధించారు. 2016 సవరణ తరువాత పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఆ పిల్లకు టిఫిన్ పెట్టి బడికి పంపండి. ఆ పూట గిన్నెలు మీ వారు తోముతారు. అలవాటైతే మంచిదే.

మంచినీళ్ల గ్లాసు గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను. కొన్ని ఇళ్లలో పనామెకు వేరే గ్లాసు ఉంటుంది, గూట్లో, బయటి కుళాయి పక్కన. రోజూ మన స్నానాల గది కడిగే మనిషి, అవసరమైనప్పుడు అదే గదిని వాడుకోవడానికి వీలుండదు. ఐదిళ్ల పని ముగించేదాకా ఆమె నీళ్లు తాగకుండా ఉంటుంది. మే నెలలో మన ఊరి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మీ ఇంట్లో అలాంటి గ్లాసు ఉంటే, కొత్త మనిషి రాకముందే తీసేయండి. ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆమెకు తెలుస్తుంది.

ఆర్నెల్లు నిలబడితే ఒక పని చేసిపెట్టండి, చదువుకున్నవాళ్లకు ఇది ఒక గంట పని. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పదహారు నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపువాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు, ఇంటిపని చేసేవాళ్లు కూడా. ఆధార్, దానికి ముడిపడిన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు, డబ్బు కట్టాల్సిన పనిలేదు. ఇంకా, కేంద్ర ప్రభుత్వానివి ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా ఉన్నాయి. మొదటిది ప్రమాదానికి, రెండోది ఏ కారణంతో ప్రాణం పోయినా. ఒక్కోదానికి రెండు లక్షలు. జీవన్ జ్యోతిలో చేరడానికి యాభై ఏళ్లు దాటకూడదు, సురక్షాకు డెబ్బై దాకా వీలుంది. రెండూ కలిపి ఏడాదికి 456 రూపాయలు. మీ వారు తన బ్యాంకులోనే ఆమె ఖాతాకు కట్టించగలరు. ఆ డబ్బు మీరే పెట్టుకోండి.

ఇక కమ్మలు.

ఆరేళ్లు చేసిన మనిషి. మీ ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో మీకన్నా ఆమెకే బాగా తెలిసి ఉంటుంది. మీ అత్తగారు ఏ మాత్ర ఏ పూట వేసుకుంటారో కూడా. తీయాలనుకుంటే ఆరేళ్లలో ఎన్ని రోజులు, ఎన్ని మధ్యాహ్నాలు! ఆ సంగతి మీకు తట్టలేదు. నన్నడిగితే మీకు దొరకాల్సిన నమ్మకమైన మనిషి దొరికే ఉంది, మీరు పోగొట్టుకున్నారు. ఆమె తిరిగి వస్తుందని నేను చెప్పలేను. ఈపాటికి ఇంకొక రెండిళ్లు కుదుర్చుకుని ఉంటుంది, మంచి పనివాళ్లు ఖాళీగా ఉండరు. రాకపోయినా మీరు వెళ్లాలి.

ఫోన్ చేయకండి. పక్కింటామె చేత కబురు కూడా పంపకండి. ఆదివారం పొద్దున మీరూ మీ వారూ కలిసి ఆమె ఇంటికి వెళ్లండి. కమ్మలు ఎక్కడ దొరికాయో, ఎప్పుడు దొరికాయో చెప్పండి. "మా తప్పు" అనండి. "అత్తగారి మతిమరుపు వల్ల" అని ఆ పెద్దామె మీదికి తోసేయకండి, అడిగింది ఆమె కాదు కదా. మాట పదిమందిలో పడింది కాబట్టి, ఆ వీధిలో నలుగురు వినేలా వాకిట్లో నిలబడే చెప్పండి. అత్తగారు అంత దూరం రాలేరు, ఫోన్ కలిపి ఇవ్వండి, ఆమె మాట్లాడతారు. వెళ్లిపోయిన మనిషిని తలుచుకుని ఆమె కూడా రెండు నెలలుగా ఒంటరిగానే ఉండి ఉంటారు. ఆమె తిరిగి రానంటే, ఎవరినైనా చూపమని అడగండి. అడగడానికి మొహం చెల్లితేనే.

వెళ్లేముందు ఇంకొకటి చూసుకోండి. పదకొండో తేదీన మానేసిందన్నారు. ఆ పదకొండు రోజుల జీతం ఇచ్చారా?